తగాదా ఉన్నచోటే కాగితం

మా తాతయ్య బందరులో వకీలు గుమాస్తా. భాగపంపకాల దావా వేయడానికి వచ్చినవాళ్ళు ముందు ఆయన ముందు కూర్చుని వంశవృక్షం చెప్పాల్సిందే. మూలపురుషుడు పైన, కొడుకులు కింద, వాళ్ళ కొడుకులు ఇంకా కింద. ఆ చెట్టు లేకుండా ప్లెయింటు కదిలేది కాదు. అన్నదమ్ములు కలిసున్న ఇంట్లో ముత్తాత పేరు అడిగితే తెల్లమొహం వేస్తారని, కొట్టుకున్న ఇంట్లో మాత్రం ఏడు తరాలూ నోటికొస్తాయని ఆయన అనేవారు. "కాపురం చల్లగా సాగితే కాగితం పుట్టదే అమ్మాయ్" అనేవారు ఇంకోసారి, ముక్కుపొడుం పీలుస్తూ.

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఒక దొరల కుటుంబం వంశాన్ని పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు ఆ మాట నిజమెంతో తెలిసింది. కర్క్‌పాట్రిక్‌ల కుటుంబం అది. హైదరాబాదులో చదువుకున్న ఆడపిల్లలకు ఆ పేరు తెలియకపోయినా ఆ ఇల్లు తెలుసు. కోఠీ ఉమెన్స్ కాలేజీ. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున మహిళా విశ్వవిద్యాలయం అయింది. 1949లో కాలేజీ అందులోకి రాకముందు అది బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం కొలువులో కంపెనీవారి ప్రతినిధి ఉండే భవనం. మెట్లకు అటూ ఇటూ రాతి సింహాలు, ఆకాశంలోకి లేచిన స్తంభాలు, లోపల దర్బారు హాలు. డెబ్భైలలో నేను డిగ్రీ చదివేటప్పుడు వెనక తోటలో ఆ భవనానికే చిన్న నమూనా ఒకటి ఉండేది. పరదాలో ఉండే బేగం ముందువైపుకు వచ్చి ఇల్లు చూడలేదని, ఆమె కోసం దొర బొమ్మరిల్లులా కట్టించాడని చెప్పుకునేవాళ్ళం. బాగుండే కథ. కథలకు కాగితం అక్కర్లేదు కాబట్టి అవి ఎప్పుడూ బాగానే ఉంటాయి.

భవనం కట్టించిన దొర జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్. బేగం ఖైరున్నీసా. విలియం డాల్రింపుల్ 2002లో వేసిన "వైట్ మొఘల్స్" పుస్తకంతో వీళ్ళ ప్రేమకథ ప్రపంచమంతా తెలిసింది. ప్రేమ సంగతి ఆయన చెప్పాడు కాబట్టి దాని జోలికి నేను వెళ్ళను. నాకు కావలసింది ఆయన ఆ కుటుంబాన్ని వెతికిన దారి. ఒక కొస లండన్ చర్చి రిజిస్టర్లో, ఇంకో కొస పాతబస్తీ దేవిడీలో ఉన్న వంశాన్ని కలిపి కుట్టడం ఎలా అన్నది.

దొరల వైపు చెట్టు గీయడం సులువు. ఈస్టిండియా కంపెనీ ఒట్టి వ్యాపార సంస్థ, లెక్కలు రాయకుండా నిద్రపోదు. సైన్యంలో కుర్రాడిని చేర్చుకోవాలంటే బాప్తిస్మ పత్రం తెమ్మనేది. మద్రాసు, బెంగాలు, బొంబాయి ప్రెసిడెన్సీల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల వివరాలకు నకళ్ళు రాయించి లండన్‌కు పంపించుకునేది. మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చి 1680లో మొదలైంది. దాని రిజిస్టర్లో మొదటి పెళ్ళి, తర్వాత అమెరికాలో విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన ఎలైహూ యేల్‌ది. ఈ నకళ్ళన్నీ ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల కింద ఉన్నాయి. వరస సంఖ్య ఎన్/1 అంటే బెంగాలు, ఎన్/2 మద్రాసు, ఎన్/3 బొంబాయి. ఫిబిస్ అనే స్వచ్ఛంద సంఘం వీటిలో చాలా పేర్లకు సూచిక తయారుచేసి ఉచితంగా వెతుక్కోనిస్తోంది. సమాధి రాళ్ళ మీది రాతల్ని జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఐసీఎస్ అధికారి మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికీ జాబితా వేసి 1905లో అచ్చువేయించాడు. మా బందరు సమాధులు కూడా అందులో ఉన్నాయి. మా ఇంటి పెద్దవాళ్ళు ఆ సమాధుల గోడ పక్కనుంచి వెళ్ళేటప్పుడు నడక వేగం పెంచేవారు తప్ప లోపలికి తొంగిచూసిన పాపాన పోలేదు.

అంత సులువైన దారిలోనూ మొదటి అడుగే తడబడుతుంది, ఎందుకంటే ఆ ఇంటిపేరు మొదట కర్క్‌పాట్రిక్ కాదు. జేమ్స్ తాతగారు డాక్టరు. ఐర్లండు నుంచి అమెరికాలో సౌత్ కరోలినా వెళ్ళి స్థిరపడినప్పుడు ఆయన పేరు కిల్‌పాట్రిక్. 1738లో అక్కడ మశూచి విజృంభించినప్పుడు మశూచి రసాన్ని ఎక్కించి రోగాన్ని అడ్డుకునే పద్ధతిని సమర్థించి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత లండన్ వచ్చి ప్రాక్టీసు పెట్టాడు, ఇంటిపేరును కర్క్‌పాట్రిక్ చేసుకున్నాడు. 'కిల్' అంటే ఇంగ్లీషువాళ్ళకు చంపడం కదా, డాక్టరు బోర్డు మీద ఆ పేరు ఎవడు పెట్టుకుంటాడు అని నా చమత్కారం, దానికి నా దగ్గర కాగితం లేదు. ఆయన కొడుకు కర్నల్ జేమ్స్, మద్రాసు సైన్యంలో చేశాడు. అందగాడని అందరూ 'హాండ్సమ్ కర్నల్' అనేవారు. ఆ అందగాడికి పెళ్ళికి ముందే 1754లో విలియం పుట్టాడు. తర్వాత మద్రాసులో డాక్టరు ఆండ్రూ మన్రో కూతురు కేథరిన్‌ను పెళ్ళాడితే జార్జ్, 1764లో జేమ్స్ అకిలిస్. విలియం పార్శీ నేర్చి, 1790లలో హైదరాబాదు రెసిడెంటు అయ్యాడు. అనారోగ్యంతో ఆయన తప్పుకుంటే తమ్ముడు ఆ కుర్చీలో కూర్చున్నాడు. 1798లో నిజాం దగ్గరున్న ఫ్రెంచి పటాలాన్ని నిరాయుధం చేయించి జేమ్స్ ఘనత సంపాదించాడు. నిజాం అలీఖాన్ హష్మత్ జంగ్ బిరుదిచ్చాడు. సుల్తాన్ బజారులో హష్మత్ గంజ్ అని ఇప్పటికీ ఆ పేరు ఉంది, జరీ బేరాలాడేవాళ్ళెవరికీ అది ఒక తెల్లదొర బిరుదని తట్టదు.

ఇక ఇటువైపు. ఖైరున్నీసా తాత బాఖర్ అలీఖాన్, నిజాం మంత్రి మీర్ ఆలంకు దగ్గరి బంధువు. ఇద్దరివీ ఇరాన్‌లోని షూస్తర్ నుంచి వచ్చిన సయ్యద్ కుటుంబాలు. సయ్యదులంటే ప్రవక్త వంశమని చెప్పుకునేవాళ్ళు. కాబట్టి వాళ్ళకు షజ్రా, అంటే వంశావళి, ప్రాణంతో సమానం. మీర్ ఆలం బంధువే ఒకాయన, అబ్దుల్ లతీఫ్ షూస్తరీ, పార్శీలో "తుహ్‌ఫతుల్ ఆలం" అని పుస్తకం రాసి కుటుంబ చరిత్రంతా అందులో పెట్టాడు. ఇంత శ్రద్ధగల వంశంలోనూ షజ్రాలో నడిచేది మగవాళ్ళ వరసే. ఖైరున్నీసా తల్లి షరఫున్నీసా చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని పుట్టింట్లో ఉండేది. తల్లీకూతుళ్ళ బతుకు గురించి ఆ గ్రంథాల్లో వెతికితే దాదాపు ఏమీ దొరకదు.

పోనీ పెళ్ళి కాగితం ఉందా అంటే, చర్చి రిజిస్టర్లో ఉండే అవకాశమే లేదు. పెళ్ళి ముస్లిం పద్ధతిలో గుట్టుగా జరిగింది. రెసిడెంటు నిజాం కొలువులోని పెద్దింటి పిల్లను చేసుకున్నాడంటే ఇటు రాజకీయం, అటు మతం, రెండూ అడ్డమే. అయినా ఈ కాపురం గురించి మనకు తెలిసినంత, ఆ కాలపు కంపెనీ ఉద్యోగుల ఇంకే కాపురం గురించీ తెలియదు. కారణం ఒక్కటే, ఫిర్యాదు.

రెసిడెంటు పదవిని అడ్డుపెట్టుకుని పిల్లను చెరిచాడని, తాతను బెదిరించి ఒప్పించాడని 1800-1801లో పుకార్లు కలకత్తా దాకా వెళ్ళాయి. గవర్నర్ జనరల్ వెల్లస్లీ మండిపడ్డాడు. మద్రాసు గవర్నరు లార్డ్ క్లైవ్, అంటే ప్లాసీ క్లైవ్ కొడుకు, రహస్య విచారణ చేశాడు. హైదరాబాదు పటాలంలో పనిచేసిన అధికారులు బౌజర్, ఆర్ ఇచ్చిన వాంగ్మూలాలు నమోదయ్యాయి. ఎవరు ముందు ఎవరిని చూశారు, పిల్ల తల్లికి అమ్మమ్మకు తెలుసా, తాత ఏమన్నాడు, గర్భం సంగతి ఏమిటి అన్నీ ప్రశ్నలే. వకీలు గుమాస్తా మనవరాలిని, చదువుతుంటే నవ్వొచ్చింది. సాక్షిని అడ్డంగా నిలబెట్టి అడిగినట్టే ఉంది. ఈ గొడవ నుంచి బయటపడటానికి జేమ్స్ అప్పుడు వెల్లస్లీ కొలువులో ఉన్న అన్న విలియంకు పేజీలకు పేజీలు రాసుకున్నాడు. కొన్నిచోట్ల సంకేత లిపిలో. పిల్లే తనను కోరి వచ్చిందని, తాను తప్పించుకోవాలని చూశానని ఆయన వాదం. అన్నకు తమ్ముడు రాసిన సంజాయిషీ అది, నమ్మడం నమ్మకపోవడం మన ఇష్టం. కానీ వంశం వెతికేవాళ్ళకు ఒక్కో ఉత్తరమూ బంగారం. తేదీలు, బంధుత్వాలు, ఎవరి దేవిడీ ఎక్కడ, అన్నీ ఉన్నాయి. అవి కర్క్‌పాట్రిక్ కాగితాలన్న పేరుతో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.

ఆ ఫిర్యాదు చేసినవాళ్ళకు మంచి ఉద్దేశం ఉందో లేదో గాని, వాళ్ళే లేకపోతే ఖైరున్నీసా మనకు లేదు.

పిల్లల పుట్టుక మాత్రం గొడవ లేకుండానే కాగితానికెక్కింది. తండ్రే రాసి పెట్టుకున్నాడు. 1801 మార్చి 4న కొడుకు. తల్లికి కల వచ్చిందని, ఆ కల ప్రకారం మీర్ గులాం అలీ అని పేరు పెట్టాలని ఆమె కోరిందని, దానికి తాను సాహెబ్ ఆలం అని చేరుస్తానని ఆయన రాసుకున్నాడు. గులాం అలీ అంటే అలీ సేవకుడు, షియాల ఇంట పేరు. 1802 ఏప్రిల్ 9న కూతురు నూరున్నీసా, సాహెబ్ బేగం. చిట్టీ ముక్క మీద తండ్రి గీసుకున్న ఈ నాలుగు వాక్యాల్లో తల్లి కల, తల్లి ఇష్టం రెండూ చేరాయి. ఈ కుటుంబం కాగితాలన్నిటిలోనూ నాకు ఇష్టమైనది అదే.

1805లో ఆ పిల్లల్ని ఇంగ్లండుకు, తాత హాండ్సమ్ కర్నల్ దగ్గరికి పంపించారు. పిల్లవాడికి నాలుగు దాటాయి, పాపకు మూడు. ఇంత చిన్నవాళ్ళను ఎందుకు పంపారంటే, ఇక్కడ వాళ్ళకు దారి మూసేశారు. తల్లి గాని తండ్రి గాని భారతీయులైన పిల్లలకు కంపెనీ కొలువుల్లో చోటు లేదని 1791లోనే ఆదేశం వచ్చింది. ఇంగ్లండులో పెరిగి ఇంగ్లీషువాళ్ళుగా చలామణీ కావడమొక్కటే మిగిలింది. ఓడెక్కే ముందు మద్రాసులో జార్జ్ చినరీ అనే చిత్రకారుడు పిల్లలిద్దరి నిలువెత్తు బొమ్మ గీశాడు. జరీ అంగీలు, నగలు, టోపీలు, జోళ్ళు. ఇప్పుడది హాంకాంగ్‌లో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు సేకరణలో ఉంది. పిల్లలు ఎక్కిన ఓడ పేరు లార్డ్ హాక్స్‌బరీ.

ఇక్కడ చెట్టు రెండు ముక్కలవుతుంది. 1806 మార్చి 25న లండన్ మెరిలెబోన్ సెయింట్ మేరీస్ చర్చిలో ఇద్దరికీ బాప్తిస్మం ఇచ్చారు. సాహెబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు, సాహెబ్ బేగం కేథరిన్ అరోరా అయింది. ఆ రిజిస్టరు మాత్రమే చూసేవాడికి హైదరాబాదు కనిపించదు. హైదరాబాదు కాగితాలు మాత్రమే చూసేవాడికి 1805లో ఇద్దరు పిల్లలు సముద్రంలో మాయమైపోతారు. కొత్త పేర్లలో మాత్రం ఆచూకీ ఉంది. విలియం, జార్జ్ ఇద్దరూ తండ్రి అన్నదమ్ములు. కేథరిన్ తండ్రిని కన్నతల్లి. పేర్లు ఇంట్లోనే తిరుగుతాయన్నది వంశాలు వెతికేవాళ్ళ మొదటి పాఠం. మనింట్లోనూ తాత పేరు మనవడికి పెట్టుకుంటాం కదా, తెల్లవాళ్ళూ అంతే.

రెండు ముక్కల్నీ కలిపే మొదటి కాగితం వీలునామా. పిల్లలు సముద్రం మీద ఉండగానే 1805 అక్టోబరు 15న జేమ్స్ కలకత్తాలో చనిపోయాడు. ఆయన వీలునామాలో ఖైరున్నీసా పేరు ఉంది. ఇద్దరికీ తల్లిగా, గౌరవంగా. ఆమెకు జాగీర్లు, నగలు ఉన్నాయి కాబట్టి తన ఆస్తి అవసరం లేదన్న వివరణా ఉంది. కానీ పిల్లల్ని ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్ళి లేకుండా పుట్టినవాళ్ళకు వాడే మాటతోనే రాశాడు. నిఖా చేసుకున్న మనిషి అలా ఎందుకు రాశాడు అంటే, వేరేగా రాస్తే కోర్టులో నిలబడదేమోనన్న భయం అని నా అనుమానం. నాలుగు తరాల వీలునామాలు చూసిన ఇంట్లో పుట్టినదాన్ని, అందులో రాసేది మనసులో మాట కాదు, చెల్లే మాట అని నాకు తెలుసు. కంపెనీ ఉద్యోగుల వీలునామాలను లెక్కగట్టి డాల్రింపుల్ చెప్పిన మాట ఒకటుంది. 1780లలో మూడింట ఒక వంతు వీలునామాల్లో భారతీయ స్త్రీలు, వాళ్ళ పిల్లలు కనిపిస్తారు. 1830 వచ్చేసరికి ఆరింట ఒకటి. ఆ తర్వాత దాదాపు మాయం. అంత తొందరగా కాపురాలు ఆగిపోయి ఉంటాయని నేను అనుకోను. రాసుకోవడానికి సిగ్గు మొదలై ఉంటుంది.

భర్త పోయాక ఖైరున్నీసా తల్లిని తీసుకుని కలకత్తా వెళ్ళి ఆయన సమాధి చూసుకుంది. అక్కడ ఆమె బతుకులోకి హెన్రీ రస్సెల్ వచ్చాడు, జేమ్స్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాడు. ఆ సంగతి హైదరాబాదులో పొక్కింది. మీర్ ఆలం ఆమెను ఊళ్ళో అడుగు పెట్టనివ్వనన్నాడు. నిజాం రాజ్యం బయట, కంపెనీ ఏలుబడిలో ఉన్న మా బందరులో ఆమె కాలం గడిపింది. ఇసుక, ఉప్పుగాలి, ఉక్కపోత. పాతికేళ్ళయినా నిండని మనిషి, మూసీ ఒడ్డు తోటల్లో పెరిగిన మనిషి. రస్సెల్ మద్రాసు వెళ్ళి 1808లో ఇంకొకరిని పెళ్ళి చేసుకున్నాడు. ఇదంతా ఎలా తెలుస్తుందంటే, మళ్ళీ గొడవ. బేగంకు ఏం చెప్పాలి, ఎవరి ద్వారా చెప్పించాలి, ఎలా తప్పించుకోవాలి అని రస్సెల్ తన తమ్ముడు చార్లెస్‌కు రాసిన ఉత్తరాలు ఆక్స్‌ఫర్డ్‌లో బాడ్లియన్ లైబ్రరీలో ఉన్నాయి. చదివితే ఆ మనిషి మీద గౌరవం మిగలదు. మీర్ ఆలం పోయాక ఖైరున్నీసా హైదరాబాదు తిరిగొచ్చింది, 1813 సెప్టెంబరు 22న చనిపోయింది. రెసిడెన్సీలో ఆమె ఉన్న రంగ్ మహల్ అనే జనానాను తర్వాతి కాలంలో రెసిడెన్సీవాళ్ళే కూల్చేశారు.

ఇంగ్లండులో కిట్టీ, అంటే కేథరిన్ అరోరా, తాత దగ్గర, తాత పోయాక పెదనాన్న విలియం కూతుళ్ళ ఇళ్ళలో పెరిగింది. అన్న విలియం జార్జ్ మరిగే నీళ్ళ కాగులో పడి వికలాంగుడయ్యాడు, 1828లో చనిపోయాడు. పెదనాన్న కూతుళ్ళలో ఒకామె బుల్లర్ల కోడలు, ఆమె పిల్లలకు పాఠాలు చెప్పిన కుర్ర మాస్టారు థామస్ కార్లైల్. ఆయన "సార్టర్ రిసార్టస్"లోని బ్లూమినీ అనే అమ్మాయికి మూలం కిట్టీయేనని కొందరు, కాదని కొందరు. ఇంకొక కూతురు జూలియా స్ట్రేచీల ఇంటి కోడలు. జూలియా మనవడు లిట్టన్ స్ట్రేచీ, జీవితచరిత్రలు రాసే పద్ధతినే మార్చిన రచయిత. లిట్టన్ స్ట్రేచీ ఖైరున్నీసా వంశంవాడని అక్కడక్కడ రాసేస్తుంటారు, కాదు. ఆయన విలియం వైపువాడు. వంశవృక్షాల్లో ఎక్కువ తప్పులు ఇలా ఒక అన్న కొమ్మను తమ్ముడికి అతికించడంలోనే జరుగుతాయి.

1829లో కిట్టీ కెప్టెన్ జేమ్స్ విన్‌స్లో ఫిలిప్స్‌ను పెళ్ళి చేసుకుంది. తల్లి బతికి ఉందో లేదో తెలియకుండా పెరిగిన పిల్ల, తల్లి పోయాక ఎన్నో ఏళ్ళకు, నలభై వయసులో, ఒకసారి స్వాలోఫీల్డ్ అనే ఊళ్ళో పెద్ద బంగళాకు వెళ్ళింది. అది హెన్రీ రస్సెల్ ఇల్లు. గోడ మీద చినరీ బొమ్మ. ఎదురుగా తాను, మూడేళ్ళ సాహెబ్ బేగం. అక్కడే ఏడ్చేసిందట. ఆ పరిచయాల మధ్యనే డంకన్ మాల్కమ్ అనే అధికారి దొరికాడు, హైదరాబాదు రెసిడెన్సీలో పనిచేస్తున్నవాడు. అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బతికే ఉందని తెలిసింది. అమ్మమ్మ పార్శీలో చెప్పి రాయించేది, మాల్కమ్ ఇంగ్లీషులోకి మార్చి పంపేవాడు, కిట్టీ ఇంగ్లీషులో రాసేది. 1841 ప్రాంతంలో మొదలై 1847లో ముసలామె పోయేదాకా సాగాయి ఉత్తరాలు. విడిపోయేటప్పుడు తల్లి కూర్చున్న చోటు, ఆమె ఏడుపు తనకు గుర్తున్నాయని కిట్టీ రాసింది. తల్లి జుట్టు ఒక పాయ ఇంగ్లండు చేరింది. పెళ్ళి సంగతులు కూడా అమ్మమ్మ చెప్పింది. 1801 నాటి కంపెనీ విచారణ కాగితాలు ఎంత తవ్వినా దొరకని సాక్ష్యం అది, పిల్ల తల్లి వైపు సాక్ష్యం.

ఈ ఒక్క ఉత్తరాల కట్ట నాకు మా తాతయ్య మాటకు ఎదురుగా నిలిచింది. దీంట్లో దావా లేదు, ఫిర్యాదు లేదు, ఆస్తి లేదు. అయినా కాగితం పుట్టింది. తాతయ్య ఉంటే, "ఆ అమ్మాయి తాను పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డనా, పెళ్ళిచేసుకున్న తల్లి బిడ్డనా అని తేల్చుకోవాలనుకుంది, అదీ దావాయే" అని ఉండేవారు. వకీలు గుమాస్తాతో వాదన గెలవలేం. కిట్టీ 1889లో ఇంగ్లండులోని టార్కీ అనే ఊళ్ళో చనిపోయింది. నాలుగేళ్ళకు, 1893లో, ఆ స్ట్రేచీల ఇంటివాడే ఎడ్వర్డ్ స్ట్రేచీ ఒక పత్రికలో ఆమె తల్లిదండ్రుల పెళ్ళి కథ రాయడంతో ఈ కాగితాల సంగతి లోకానికి తెలిసింది.

గొడవ లేనివాళ్ళ సంగతి ఏమిటి? జేమ్స్ అన్న విలియంకు దులారీ బీబీ అనే ఆమెతో ఇద్దరు పిల్లలు, రాబర్ట్, సిసిలియా. ఆ పేర్లు మిగిలాయి. ఆమె మీద ఎవరూ విచారణ జరపలేదు కాబట్టి, ఖైరున్నీసా గురించి దొరికినదాంట్లో వందో వంతు కూడా దులారీ గురించి దొరకదు. జేమ్స్‌కు ఖైరున్నీసా కంటే ముందు ఇంకొక కొడుకు. తండ్రి ఉత్తరాల్లో వాడు 'హిందూస్తానీ అబ్బాయి', చిన్నప్పుడే పోయాడు. ఆ పిల్లవాడిని కన్నతల్లి పేరు రాయాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

ఇలాంటి ఖాళీల్లోకి ఇప్పుడు డీఎన్‌ఏ వస్తోంది. సూరత్‌లో థియోడర్ ఫోర్బ్స్ అనే కంపెనీ వ్యాపారి ఇంట ఉన్న ఎలైజా కెవార్క్‌ను కుటుంబంవాళ్ళు ఆర్మీనియన్ అనేవారు. ఆమె కూతుళ్ళ వరసలో పుట్టిన బంధువులను 2013లో పరీక్షిస్తే, భారతదేశంలో తప్ప దాదాపు ఎక్కడా కనపడని తల్లివైపు గుర్తు దొరికింది. ఆ వరసలోనే బ్రిటన్ యువరాజు విలియం కూడా ఉన్నాడు. ఈ పరీక్ష పట్టుకునేది తల్లి నుంచి కూతురికి, కూతురు నుంచి ఆమె కూతురికి వచ్చే పోగును. షజ్రాలు, ప్లెయింట్లు వదిలేసిన వరసనే.

మన ఇళ్ళ సంగతికొస్తే, దొరలకు చర్చి రిజిస్టరు ఉన్నట్టు మనకు లేదని బాధపడనక్కర్లేదు, కోర్టు ఉంది, సర్కారు ఉంది. కోస్తా, రాయలసీమల్లో మీ పూర్వీకులకు ఇనాం భూమి ఉంటే, 1858లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్ తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్ చూడండి. ఇనాం ఎవరు ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నవాళ్ళెవరు, వాళ్ళకు బంధుత్వమేమిటి అన్న గడులు అందులో ఉంటాయి. సర్కారుకు పన్ను రావాలి, వీళ్ళకు ఇనాం నిలబడాలి, కాబట్టి తాతముత్తాతలందరూ హాజరు. నిజాం రాజ్యంలో జాగీరు, మన్సబు లాంటి హక్కు ఏదున్నా, మనిషి పోయినప్పుడల్లా వారసులెవరో తేల్చే విరాసత్ విచారణ జరిగేది. ఆ దస్త్రాలు హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చాలావరకు ఉర్దూ, పార్శీ. చదివిపెట్టే మనిషి కావాలి, అటువంటివాళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. మా జిల్లా వాళ్ళయితే ముందు ఇంట్లో అటక మీద చూడండి. పాత తీర్పు నకలు, డిక్రీ కాపీ ఏదో ఒకటి చెదలు తినకుండా మిగిలే ఉంటుంది. పనికిరాదని పారేయకండి, ఓడిపోయిన దావాలో కూడా వంశవృక్షం నిజమే అయి ఉంటుంది.

మా ఇంట్లో అలా దొరికింది మా పెదతాతగారి మీద వేసిన పంపకాల దావా. చెట్టు మా తాతయ్య చేతి రాతే. అయిదు తరాలు, అందరూ మగవాళ్ళే. చివర చిన్న అక్షరాలతో, 'కుమార్తెలు ముగ్గురు, వివాహితలు' అని ఒక్క ముక్క. వాళ్ళకు వాటా లేదు కాబట్టి పేర్లు అవసరం లేదు. 1985 సెప్టెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని కూతుళ్ళకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది, 2005లో దేశమంతా కూతుళ్ళందరికీ వచ్చింది. ఆ తర్వాత వేసిన దావాల ప్లెయింట్లు తిరగేసి చూశాను. కూతుళ్ళు, వాళ్ళ పిల్లలు, పెళ్ళయి వెళ్ళిన ఊళ్ళు, అన్నీ నిండుగా ఉంటున్నాయి. చట్టం మారితే చెట్టుకు కొమ్మలు పెరిగాయి.

ఆ ముగ్గురు కుమార్తెల పేర్లు ఇప్పుడు తెలుసుకుని చేరుద్దామని తొంభై దాటిన మా పెద్దత్తయ్య దగ్గరికి వెళ్ళాను. పెద్దావిడ వెంకటరత్నమని, తర్వాతది సుబ్బలక్ష్మని గబగబా చెప్పి, మూడో ఆవిడ దగ్గర ఆగింది. "ముగ్గురెవరే, నలుగురు. మీ తాతకి లెక్కరాదు. నాలుగోది పెళ్ళికి ముందే పోయింది, అందుకని రాయలేదు ఆయన." పక్కనున్న మా చిన్నత్తయ్య ఒప్పుకోలేదు, పోయింది మూడోదని, పెళ్ళయ్యాకే పోయిందని ఆవిడ. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. పెళ్ళి ఎక్కడయిందో, పెళ్ళికొడుకు ఇంటిపేరేమిటో, కట్నంలో ఇస్తామన్న రెండెకరాలు ఎందుకివ్వలేదో, అన్నీ బయటికొస్తున్నాయి. నేను పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాను.